ముఖానికేమీ రాసుకోకుండా

ఆవిడ ముఖానికి రాసుకునేవి నాలుగంటే నాలుగే. ఆ నాలుగింటికే డిపోలో మగాళ్లంతా కలిసి ఆవిడకు క్రీమక్క అని పేరు పెట్టేశారు. పెట్టుకోనీ అనుకుంది. ఇరవై ఆరు మంది బస్సు డ్రైవర్లలో ఆడమనిషి ఆవిడొక్కతే. ఏదో ఒక పేరు పెట్టకపోతే వాళ్లకు పొద్దు గడవదు, ఆ పేరుతో పిలిస్తే పలకడానికి ఆవిడకు నామోషీ లేదు. నామోషీ పడే మనిషైతే పన్నెండేళ్లుగా అంత బస్సును ఇరుకు సందుల్లో వెనక్కి తిప్పగలిగేదా?

అసలు సంగతి కుడి చెంపతో మొదలైంది. డ్రైవరు సీటు కుడిపక్క కిటికీని ఆనుకుని ఉంటుంది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎండ ఆ చెంపనే పట్టుకు వేలాడుతుంది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి కుడి చెంపకు మంగు పట్టింది, కణత దగ్గర చర్మం గరుకుతేలింది, కంటి చివర ముడతలు దిగాయి. ఎడమ చెంప మాత్రం తనకేమీ తెలియనట్టు నున్నగా కూర్చుంది. ఆవిడ కంగారుపడి, ఎవరో చెప్పిన మాట పట్టుకుని, పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీము మూడు నెలలు పూసింది. పొర లేచిపోయి, నీళ్లు తగిలినా భగ్గుమని మండేది. చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఆ డాక్టరమ్మ మొదట చెడామడా తిట్టి, తర్వాత నాలుగు వస్తువులు రాసిచ్చింది. ఇవి తెల్లబడటానికి కాదు, ఉన్న చర్మాన్ని కాపాడుకోవడానికి అని మరీ మరీ చెప్పింది.

అప్పటినుంచి ఈ నాలుగేళ్లలో ఒక్క రోజు తప్పలేదు. తెల్లవారుజామున లేచి, నురగ రాని ఫేస్‌వాష్ శనగగింజంత తీసుకుని కడుక్కోవడం. తువ్వాలుతో రుద్దడం కాదు, మెల్లగా అద్దుకోవడం. అక్కడితో ఇంట్లో పని సరి. మిగతా మూడూ డిపో బాత్రూములోనే. ముప్పావుగంట హెల్మెట్ పెట్టుకుని స్కూటరు మీద వస్తే, ఇంట్లో రాసినదంతా హెల్మెట్ స్పాంజి తాగేస్తుంది. స్పాంజికి మంగు పట్టిందా, ఏమన్నానా?

ముందు అరచేతుల్లో నాలుగు చుక్కల టోనరు పోసుకుని ముఖానికి తట్టుకోవడం. ఆ తర్వాత మాయిశ్చరైజరు. ఆ తెల్లటి బరువైన డబ్బా అంటే ఆవిడకు ప్రాణం. అందులో వాసన లేదు, మెరుపు లేదు, గొప్పలు లేవు. రాసుకుంటే చెంప అమ్మయ్య అంటుంది, అంతే. వేలు ముంచితే పాడవుతుందని చిన్న ప్లాస్టిక్ చెంచాతో తీస్తుంది. ఆఖర్న, బస్సు తాళం చేతికొచ్చాక, సన్‌స్క్రీను. చూపుడు వేలు, మధ్య వేలు, రెండింటి పొడవునా పిండాలి. మెడ, చెవులు మర్చిపోకూడదు. ట్యూబు అయిపోయిందనిపించినా పారేయదు, కత్తెరతో అడ్డంగా కోస్తే ఇంకా వారం రోజులకు సరిపడా ఉంటుంది.

ఇంట్లో అత్తగారు మాత్రం ఊరుకునే రకం కాదు. పెళ్లిచూపులకు కూడా ఇంత సింగారం చేసుకోలేదే నువ్వు, అని రోజుకొకసారైనా అనకపోతే ఆవిడకు కాఫీ రుచించదు. అలా అంటూనే, కోడలు స్నానానికి వెళ్లినప్పుడు సంచిలోంచి ఆ డబ్బాలు తీసి, మూతలు విప్పి ఒక్కోటీ వాసన చూస్తుంది. కోడలికి ఆ సంగతి తెలుసు, తెలిసినట్టు కనబడదు. అలాంటి అత్తగారు మొన్న ఆదివారం ఒక నీలం సీసా తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది. నీ టోనరు అయిపోయిందిగా, షాపు పిల్ల ఇది చాలా మంచిదంది, రాసుకో, అని ముఖం పక్కకు తిప్పుకుని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో అత్తగారు తనకోసం స్వయంగా బజారుకెళ్లి ఒక వస్తువు కొనడం అదే మొదటిసారి. క్రీమక్క దాన్ని అలాగే తీసి సంచిలో పెట్టుకుంది. ఏ సీసా కొన్నా కళ్లజోడు పెట్టుకుని వెనకున్న చిన్నక్షరాలన్నీ చదివే మనిషి, ఆ సీసాను మాత్రం తిప్పి చూడలేదు. తిప్పి చూస్తే అత్తగారిని అనుమానించినట్టుంటుందేమో అనుకుంది.

సోమవారం పొద్దున డిపోలో ఆ సీసా మూత తీసింది. ఘాటుగా, చల్లగా ఉంది. రెండు గుక్కలంత అరచేతుల్లో పోసుకుని చెంపలకూ గడ్డానికీ పట్టించింది. మాయిశ్చరైజరు రాసేలోపే బయట లైను కదిలిందని, తడిచేతులతోనే పరిగెత్తింది.

ఆ డిపోలో తాళం చేతికి రావాలంటే ముందు ఊదాలి. గుమస్తా బల్ల మీద గరాటులాంటి నోరున్న మిషను ఉంటుంది. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఊదితే, తాగలేదనుకో, పచ్చలైటు. తాగితే ఎర్రలైటు, కుయ్యిమని మోత. ఎర్రలైటు వచ్చినవాడు మూడు నెలలు స్టీరింగు ముట్టుకోకూడదు. పావుగంట ఆగి రెండో పరీక్ష అడిగే హక్కుంది గాని, అందులోనూ ఎర్రబడితే ఉద్యోగమే ఊడుతుంది. అందుకే రెండో పరీక్ష అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

క్రీమక్క ఊదింది. మిషను కుయ్యిమంది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వులు. క్రీములో కలిపి కొడుతోందిరా అని వెనకనుంచి ఎవడో అన్నాడు. ఆవిడ చెవులు వేడెక్కాయి. జన్మలో చుక్క ముట్టని మనిషి, అందరి ముందూ తాగుబోతులా నిలబడాల్సి వచ్చింది. గుమస్తా తల వంచుకుని పుస్తకంలో ఆవిడ నంబరు పక్కన ఎర్ర సిరాతో గీత కొట్టాడు. లైనులో ముందు నిలబడ్డ ముసలి డ్రైవరు, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి, ఒక్కడే నవ్వలేదు. మేనేజరు గారు తన గదిలోకి రమ్మంటున్నారని కబురొచ్చింది.

ఆ మేనేజరు వచ్చి ఆరునెలలే అయింది. వచ్చిన రోజునుంచీ ఆయనకు ఆ బాత్రూము అద్దం ముందున్న డబ్బాలు కంట్లో నలుసు. ఇది డిపోనా, బ్యూటీపార్లరా అని మూడుసార్లు మీటింగులోనే అన్నాడు. మగాళ్లు పావుగంట సిగరెట్టు కాలిస్తే అది విశ్రాంతి, ఆవిడ ఐదు నిమిషాలు అద్దం ముందు నిలబడితే అది సోకు. ఆయన లెక్క అది. ఇవాళ మాత్రం ఆయన మహా ప్రసన్నంగా ఉన్నాడు. అప్పుడే గడ్డం గీసుకుని వచ్చాడు, గదంతా ఆయన ఆఫ్టర్‌షేవ్ గుప్పుమంటోంది. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇమ్మన్నాడు, ఆడమనిషి పరువు తీయడం తనకు ఇష్టం లేదన్నాడు. తెల్లకాగితం ఒకటి ముందుకు జరిపాడు. అందులో ఒక్క వాక్యం ఉంది: ఇకమీదట ముఖానికేమీ రాసుకోకుండా డ్యూటీకి వస్తాను. దానికింద సంతకం పెడితే, మిషను పాడైందని రాసి ఎర్రగీత కొట్టేయిస్తాడట.

ఆవిడ కాగితం వంక చూసింది. మూడు నెలలు స్టీరింగు లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఊళ్లో అందరూ ఎందుకని అడుగుతారు. తాగి పట్టుబడిందట అంటారు. కాదని ఎంతమందికి చెప్పగలదు? పైగా ఆ లైటు ఎందుకు ఎర్రబడిందో తనకే తెలియదు. సంతకం పెట్టేస్తే పది నిమిషాల్లో బస్సులో ఉంటుంది. కలం చేతిలోకి తీసుకుంది కూడా. నాలుగు డబ్బాల కోసం ఇంత రాద్ధాంతం ఎందుకు అని మనసులో ఒక మాట మెదిలింది.

అప్పుడు మేనేజరు కాగితం మీదికి వంగి, ఇక్కడ, అని వేలు పెట్టి చూపించాడు. ఆయన బుగ్గల మీది ఘాటు ఆవిడ ముక్కుపుటాలకు తగిలింది. ఎక్కడో చూసిన వాసన. ఎక్కడో ఏమిటి, తన చేతుల మీద ఉన్నదీ అదే. క్రీమక్క కలం కింద పెట్టేసింది. సంచిలోంచి నీలం సీసా తీసింది, కళ్లజోడు పెట్టుకుంది, వెనక చీటీ చదివింది. మొదటి మాట నీళ్లు. రెండో మాట ఆల్కహాలు.

ఆవిడకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపు మండింది. తాను పప్పులో కాలేసిన మాట నిజమే. కానీ ఇది చెబితే ఈయన ఏమంటాడో ఆవిడకు తెలుసు. చూశావా, అందుకే ఏమీ రాసుకోవద్దన్నాను అంటాడు. అత్తగారు ముచ్చటపడి తెచ్చిన సీసా ఈయన చేతిలో సాక్ష్యమైపోతుంది. అది మాత్రం జరగనివ్వదలుచుకోలేదు.

"రెండో పరీక్ష కావాలి సార్," అంది. "లైనులో అందరి ముందూ."

మేనేజరు ముఖం మాడింది. మళ్లీ ఎర్రబడితే ఏమవుతుందో తెలుసా అని అడిగాడు. తెలుసంది. పోనీ ముఖమన్నా శుభ్రంగా కడుక్కుని రమ్మన్నాడు.

"కడగను. ఇలాగే ఊదుతాను. కానీ నాకంటే ముందు మీరు ఊదండి."

బయట లైనంతా చెవులు రిక్కించి వింటోంది. నేనెందుకు ఊదాలి, నేను తాగి వచ్చానా అని ఆయన గొంతు పెంచాడు. తాగనప్పుడు భయమెందుకు సార్ అని ఆవిడ గొంతు పెంచకుండానే అడిగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ బాబాయ్ తాపీగా, ఊదండి సార్, ఒక్క ఊపిరేగా, అన్నాడు. ఇరవై ఐదు జతల కళ్లు చూస్తుంటే వెనక్కి తగ్గడం ఆయనకు నామర్దా అనిపించింది. విసవిసా వచ్చి మిషనును, ఇందాక ఆఫ్టర్‌షేవ్ పూసుకున్న చేతుల్తోనే, నిగనిగలాడే గడ్డానికి ఆనించి పట్టుకుని గట్టిగా ఊదాడు.

మిషను కుయ్యిమంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి భయమేసింది. మేనేజరు మిషనును తిప్పి చూశాడు, విదిలించాడు, పాడైందన్నాడు. అయితే నన్ను ఊదనివ్వండి అని బాబాయ్ అందుకున్నాడు. ఆయన ముఖానికి జీవితంలో నీళ్లు తప్ప ఇంకోటి తగల్లేదు. పచ్చలైటు వెలిగింది. గుమస్తా ఎర్రకలం పట్టుకుని, పాపం నిజంగానే తెలియక, మీది కూడా పుస్తకంలో రాయమంటారా సార్ అని అడిగాడు.

క్రీమక్క నీలం సీసా బల్ల మీద పెట్టింది. ఇందులో ఉన్నదీ, సారు గడ్డానికి పూసుకున్నదీ ఒకటేనని చెప్పింది. ఆవిరి ఎగిరిపోవడానికి పావుగంట పడుతుంది, అందుకే నిబంధనలో పావుగంట ఆగమన్నారు, ఆగుతానంది. గోడ గడియారం కింద చేతులు కట్టుకుని నిలబడింది. పైకి అంత ధీమాగా ఉంది గాని మాటిమాటికీ తలెత్తి పెద్దముల్లునే చూస్తోంది. లెక్క తప్పితే పన్నెండేళ్ల ఉద్యోగం పోతుంది. కడుక్కుంటే నిశ్చింత, బాత్రూము పది అడుగుల దూరం. ఎవరో పెద్దమనిషి తరహాలో, కడుక్కోరాదా అక్కా, నీకే మంచిది, అన్నాడు కూడా. కడుక్కుంటే ఈ ముఖం మీద ఏదో తప్పు ఉందని ఒప్పుకున్నట్టే. ఆవిడ కదల్లేదు. ఆరూ పదికి బయలుదేరాల్సిన ఆవిడ బస్సు అలాగే ఆగి ఉంది. గడియారంలో పెద్దముల్లు పావుగంట దాటాక ముందుకొచ్చి, మిషను అందుకుని, కళ్లు మూసుకోకుండా ఊదింది.

పచ్చగా వెలిగింది.

మేనేజరు గబగబా తాళం తెచ్చి, సరేనమ్మా, పొరపాటు జరిగింది, ఆలస్యమవుతోంది వెళ్లు, అన్నాడు. ఆవిడ తాళం అందుకోలేదు. ఎర్రగీత పక్కన కారణం రాసి కొట్టేయించమంది. గుమస్తా రాశాడు. దానికింద సారుది కూడా అదే కారణంతో రాయమంది. గుమస్తా మేనేజరు వంక చూశాడు, మేనేజరు కిటికీ వంక చూశాడు. గుమస్తా అదీ రాశాడు. అప్పుడావిడ గదిలోకి వెళ్లి బల్ల మీది తెల్లకాగితం తెచ్చింది.

"సంతకం పెడతాను సార్. కానీ ఇప్పుడు మనిద్దరికీ ఒకటే నేరం. ముందు మీరు పెట్టండి, మీ కిందే నేనూ పెడతాను. రేపట్నుంచి ఇద్దరం ముఖానికేమీ రాసుకోకుండా వద్దాం."

ఆయన కాగితం చదివాడు. తాను రాసిన వాక్యమే, కొత్తగా చూస్తున్నట్టు రెండుసార్లు చదివాడు. చేయి తెలియకుండానే గడ్డం మీదికి వెళ్లింది. లైనులో వెనకనుంచి ఎవడికో దగ్గొచ్చింది, అది దగ్గు కాదని అందరికీ తెలుసు. ఆయన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు.

క్రీమక్క తాళం తీసుకుంది. అప్పటికే బస్సు పది నిమిషాలు ఆలస్యం, మేనేజరు వెళ్లమన్నట్టు గేటు వైపు చేయి చూపించాడు. ఆవిడ బాత్రూములోకి కూడా వెళ్లలేదు. అక్కడే, గుమస్తా బల్ల ముందు, లైను మొత్తం చూస్తుండగా సంచి తెరిచి చెంచాతో మాయిశ్చరైజరు తీసి రాసుకుంది. తర్వాత సన్‌స్క్రీను రెండు వేళ్ల పొడవునా పిండింది. కుడి చెంపకు రాసింది, కణతకు రాసింది, ఎడమ చెంపకు రాసింది. మెడకూ చెవులకూ తీరిగ్గా పట్టించింది. మేనేజరు గోడ గడియారం వంక చూశాడు. చూసుకోనీ అనుకుని, రెండో చెవి వెనక కూడా రాసుకున్నాకే బస్సెక్కింది.