ముంతాజ్ చేతి లామినేషన్

రోజూ పొద్దున్నే రేపల్లె పాసింజర్ దిగి, తెనాలి స్టేషన్ రోడ్డులో జిరాక్సు షాపు షట్టర్ ఎత్తేది ముంతాజే. ఆవిడ ఊడ్చి, కంప్యూటర్ మీద దుమ్ము దులిపేసరికి సింధు టిఫిన్ పొట్లాలతో వచ్చేది. షాపు ఇద్దరిదీ. తినడం అయ్యేలోపు కరెంటు పోయేది. రెండువేల తొమ్మిది ఎండాకాలం మరి, కరెంటు ఉంటేనే వింత.

ఇన్వర్టర్ మీద కంప్యూటరూ ప్రింటరూ నడిచేవి గానీ లామినేషన్ మిషన్ నడిచేది కాదు. దానికేం, ముంతాజ్ ఉందిగా. ఎవరి మీదైనా కుళ్ళు పుడితే ఆవిడ కుడి అరచెయ్యి ఇస్త్రీపెట్టెలా కాలేది. కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చెయ్యి అదిమితే చాలు, అతుక్కుపోయేది. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి, తొందరలో ఉన్నవాళ్ళు కార్డుతో పాటు ఓ కబురు కూడా తెచ్చుకునేవాళ్ళు.

"అమ్మాయ్, మీ తోటికోడలు మేడ మీద ఇంకో గది వేస్తోందటగా," అనేవాడు భట్టిప్రోలు నుంచి వచ్చే బసవపున్నయ్య, రేషన్ కార్డు బల్ల మీద పెడుతూ.

"వేసుకోనీండి బాబాయి గారూ, నాకేంటి," అనేది ముంతాజ్. ఈలోపే కార్డు తయారు. ఓ మూల చిన్న గాలిబుడగ మాత్రం ఎప్పుడూ మిగిలేది.

ఇలా తోటికోడలి మీదా, ఎదురింటావిడ మీదా ఏడ్చుకుంటూ హాయిగా సాగిపోతున్న బతుకు. సింధు ఆ గళ్ళ పని నేర్చుకోకపోతే ఇంకా అలాగే సాగేది.

క్యూఆర్ కోడ్ అంటారట. నల్లగళ్ళూ తెల్లగళ్ళూ కలిసిన చదరం. దాన్ని మంచి కెమెరా ఫోనుతో చూస్తే ఈమెయిల్ తనంతట తనే తెరుచుకుంటుంది. ఎవరికి పంపాలో, ఏం చెప్పాలో ముందే రాసి ఉంటుంది, సెండ్ నొక్కడమే. బాపట్లలో ఓ లాడ్జీకి చేసిచ్చింది సింధు. గది తలుపు వెనక అంటించిన చదరాన్ని చూస్తే, 'మేనేజర్ గారూ, మా గదిలో ఫ్యాను తిరగడం లేదు' అని తెరుచుకునేది.

"అలాంటి ఫోన్లు ఎంతమంది దగ్గరున్నాయిలే," అని ముంతాజ్ మూతి తిప్పింది. ఫ్యాను తిరగని గదిలో దిగిన హైదరాబాదు కంపెనీ ఆయన దగ్గర ఉంది. బాపట్లలో ఆఫీసు తెరుస్తున్నాడట. ఈ చదరం చేసినావిడ ఒకసారి వచ్చి కలిస్తే ఉద్యోగం సంగతి మాట్లాడతానని కబురు పెట్టాడు.

చేసినావిడ. ఒక్కతే అన్నమాట. ఆ ఫ్యాను ముక్క టైపు చేసింది నేను కదా, అనుకుంది ముంతాజ్.

వెళ్ళే రోజు సింధు తన పేరుతో ఓ కార్డు తయారుచేసుకుంది. వెనకవైపు చదరం.

"ఆయన దీన్ని చూస్తే ఏం తెరుచుకుంటుందో తెలుసా అక్కా? 'సింధు గారూ, మీకు ఉద్యోగం ఇచ్చాం, సోమవారం వచ్చి చేరండి' అని. మన షాపు మెయిల్‌కి వస్తుంది. ఆయన రాయాల్సింది కూడా నేనే రాసేశా."

"తెలివైనదానివే," అంది ముంతాజ్.

"బండికి టైమైంది, కరెంటు చూస్తే లేదు. నువ్వే అతికించి పెట్టక్కా."

ఈసారి ఎవరూ కబురు చెప్పక్కర్లేకపోయింది. ఏసీ గది, మెడలో ఆఫీసు బిళ్ళ, మేడం అని పిలిచేవాళ్ళు. నా పక్కన కూర్చుని మౌస్ పట్టుకోవడం నేర్చుకున్న పిల్లకి. అరచెయ్యి ఎన్నడూ కాలనంతగా కాలింది. వేళ్ళ సందుల్లోంచి చూస్తే, ప్లాస్టిక్ కింద నల్లగళ్ళు చీమల్లా కదులుతున్నాయి. ఒకటి పైకి జరిగింది, ఇంకోటి పక్కకి. చెయ్యి తీసెయ్యొచ్చు, కొత్త ప్రింటు తీసుకోమని చెప్పొచ్చు. తియ్యలేదు. ఇంకాస్త అదిమింది.

సాయంత్రం సింధు నవ్వుకుంటూ వచ్చింది. "ఐడియా బాగుందని నవ్వి, నా ముందే సెండ్ నొక్కాడక్కా. మెయిల్ తెరువు."

తెరిచింది. 'ముంతాజ్ గారూ, మీకు ఉద్యోగం ఇచ్చాం, సోమవారం వచ్చి చేరండి.'

సింధు తెర మీదికి వంగి పేరు ఇంకోసారి చదివింది.

"పొరపాటు జరిగిందని రాద్దామా?" అంది ముంతాజ్. చెయ్యి మాత్రం కీబోర్డు మీదికి పోలేదు.

సింధు కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. దాన్ని అతికించిందెవరో ఇద్దరికీ తెలిసిందే. "ఎందుకులే అక్కా. పంపింది ఆయనేగా." మెయిల్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. "లామినేషన్ చేసి దాచుకో."

ముంతాజ్ అదిమింది. చెయ్యి చల్లగా ఉంది. తోటికోడలి మేడగదిని తలుచుకుంది. అయినా వేడెక్కలేదు.

"ఇలా ఇవ్వు," అంది సింధు. అక్కా అనలేదు. అరచెయ్యి ఆనించగానే ప్లాస్టిక్ చుర్రుమంది.

సోమవారం తెనాలిలో బాపట్ల బండికి మారబోతూ ముంతాజ్ షాపు దాకా వచ్చింది. అప్పటికే బసవపున్నయ్య బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, ముంతాజ్‌కి ఏసీ గది ఇస్తున్నారటగా?"

"ఇవ్వనీండి బాబాయి గారూ, నాకేంటి," అంది సింధు, కార్డు మీద చెయ్యి పెట్టి.

బయటికొస్తున్న బసవపున్నయ్య చేతిలో కార్డుని ముంతాజ్ తీసుకుని వెలుతురులో నాలుగు మూలలూ చూసింది. ఒక్క బుడగ లేదు. గాజులా ఉంది. తనకి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇలా రాలేదు.

కార్డు తిరిగి ఇచ్చేసి, బ్యాగు కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకుంది. కుడిచెయ్యి కాస్త వెచ్చగా అనిపించింది.