కారణం చెప్పలేదు

మా బావ లొవెల్ హాగెన్‌ని కలప మిల్లులోంచి తీసేసింది మధ్యాహ్నం భోజనాల వేళ. మా అక్క ఆర్లిస్ కట్టిచ్చిన సాండ్‌విచ్ సగం తిన్నాడో లేదో, మేనేజరు ట్రెంట్ బిక్స్‌బీ వచ్చి ఆఫీసు గదిలోకి రమ్మన్నాడు. ట్రెంట్‌ది బావకు కొడుకయ్యేంత వయసు.

"లొవెల్, ఇవాళ్టితో మీ పని అయిపోయింది. హెల్మెట్ ఇక్కడ పెట్టేయండి."

"నేనేం చేశాను?"

"ఏదో చేశారని కాదు. కంపెనీ వద్దనుకుంది, అంతే."

"అంతే అంటే ఎలా బాబూ? పలకలు సరిగా చూడట్లేదా? ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"కారణం చెప్పాల్సిన అవసరం లేదు. నన్ను ఇబ్బంది పెట్టకండి."

ఇరవై ఏళ్లకు పైగా రంపాల దగ్గర నిలబడి, కదిలి వచ్చే పలకల్లో మంచిదీ చెడ్డదీ చూసి గుర్తు వేసినవాడు మా బావ. గేటు దాకా అతని వెంట ఒక గార్డు నడిచాడు. భోజనానికి కూర్చున్న వాళ్లందరూ నమలడం ఆపి చూశారు.

అక్క పోరు పడలేక బావ శాండ్‌పాయింట్ పట్నంలో లాయరు దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. బండి నేనే నడిపాను. లాయరు మిస్ పెట్రీ నెమ్మదైన మనిషి. ఒక్కొక్కటే అడిగింది.

"మీ వయసు వల్ల తీసేశారంటారా?"

"నాకన్నా పెద్దవాళ్లు అక్కడే చేస్తున్నారమ్మా."

"దెబ్బ తగిలి నష్టపరిహారం అడిగారా? మిల్లులో ప్రమాదం ఉందని ప్రభుత్వానికి చెప్పారా? యూనియన్ మాట ఎత్తారా?"

"లేదు."

"బాగా గుర్తు తెచ్చుకోండి."

"లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?"

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మన ఐడహో రాష్ట్రంలో యజమాని ఎవరినైనా ఎప్పుడైనా తీసేయొచ్చు లొవెల్ గారూ. మంచి కారణం ఉన్నా, చెడ్డ కారణం ఉన్నా, అసలేమీ లేకపోయినా. కూడదని చట్టం చెప్పిన కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటీ మీకు వర్తించడం లేదు. అదే మిల్లు పక్క రాష్ట్రం మోంటానాలో ఉండుంటే, ఇన్నేళ్లు చేసిన మనిషిని సరైన కారణం చూపించకుండా తీయడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు."

తిరిగి వస్తూ, నది మలుపు దగ్గర బండి ఆపమన్నాడు బావ. ఎదురుగా మోంటానా కొండలు.

"అదే నది, అవే చెట్లు. ఆ కొండ అవతలైతే నాకు జవాబు చెప్పాల్సొచ్చేది కదరా గ్లెన్."

"చెప్పినా పని ఇచ్చేవాళ్లో లేదో బావా."

"పని సంగతి కాదురా," అన్నాడు.

వాళ్లు చెప్పని కారణాన్ని ఊరు చెప్పడం మొదలుపెట్టింది. కాఫీ హోటల్లో, మా చర్చికే వచ్చే డార్ల్ నా ముందే అన్నాడు: "గార్డును వెంట పెట్టి పంపారంటే ఊరికే పంపుతారా? ఏదో ఎత్తుకెళ్లి ఉంటాడు." నేను కుర్చీ తోసుకుని లేస్తే, "నీకు బావ కాబట్టి నీకు మండుతుందిలే," అని నవ్వాడు. ఇంకొకరు తాగి పనికొచ్చాడన్నారు. కాఫీ తప్ప ఏదీ ముట్టని మనిషిని! పక్క ఊరి మిల్లులో అడగడానికి వెళ్తే, "అక్కడ ఎందుకు మానేశావు?" అన్నారట. "తెలియదు," అన్నాడట బావ. తెలియదన్నవాడిని ఎవరు పెట్టుకుంటారు? చివరికి గ్యాస్ సిలిండర్లు ఇళ్లకు చేరవేసే పని దొరికింది.

అతన్ని ఇంకా కుంగదీసింది వేరే సంగతి. ఒక సాయంత్రం గిన్నెలు తుడుస్తూ అక్క అడిగింది.

"లొవెల్, నాతో నిజం చెప్పు. నేనేమీ అనుకోను. అక్కడేమైనా చేశావా?"

బావ తుడిచిన పళ్లెం అల్మరాలో పెట్టి, "లేదు ఆర్లిస్," అన్నాడు. అక్క మళ్లీ అడగలేదు. కానీ ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు తగ్గాయి. వాన వస్తుందనీ, బండికి నూనె మార్చాలనీ, అంతే. ఒక్కోసారి నేను తోడు వెళ్తే, సిలిండరు దించుతూ దించుతూ ఆగిపోయేవాడు బావ. "మిల్లు క్రిస్మస్ విందులో ట్రెంట్ పాట పాడితే నేను నవ్వాను. అందుకేనంటావా?" అనేవాడు. ఇంకోసారి ఇంకొకటి.

రెండు శీతాకాలాలు గడిచాక, మేమిద్దరం పెరట్లో కట్టెలు చీలుస్తుంటే ట్రెంట్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"నన్నూ తీసేశారు," అన్నాడు.

"ఎందుకో చెప్పారా?" అన్నాడు బావ. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"లేదు."

"మరి నన్నెందుకు తీశావో చెప్పు."

ట్రెంట్ తల వంచుకున్నాడు. "షిఫ్టులో ఒకరిని తగ్గించమని పైనుంచి చెప్పారు. ఎవరన్నది నా ఇష్టమన్నారు. మిగతావాళ్లు అరుస్తారు, పెళ్లాల్ని వెంటబెట్టుకొస్తారు. మీరైతే గొడవ చేయరనుకున్నాను."

"అంతేనా?"

"అంతే లొవెల్."

"మరి ఆ గార్డు?"

"అది రూలు. ఎవరికైనా పంపుతారు."

నాకు చేతిలో కట్టె అతని మొహాన కొట్టాలనిపించింది. బావ గొడ్డలిని మొద్దులో దింపి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "లోపలికి రా. ఇప్పుడు నాతో అన్నది ఆర్లిస్‌తో అను."

అక్క బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ట్రెంట్ గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. అక్క కాఫీ ఇవ్వలేదు, కూర్చోమనలేదు. అతని బండి చప్పుడు దూరమయ్యాక కత్తి కింద పెట్టింది.

"నేను నిన్ను అడిగాను," అంది.

"అడిగావు."

"అడక్కుండా ఉండాల్సింది."

"నేను కూడా రోజూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను ఆర్లిస్," అన్నాడు బావ. అక్క అతని చెయ్యి పట్టుకోబోయింది. దుంపల తడి అంటుతుందని ఆగిపోయింది. అప్పటికే అతను కట్టెల దగ్గరికి బయల్దేరాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో అందరూ కాఫీ తాగుతుంటే అక్క లేచి నిలబడింది. నలుగురిలో నోరెత్తని మనిషి. మొహం ఎర్రబడిపోయింది. ట్రెంట్ అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పింది.

"మేమెప్పుడూ అదంతా నమ్మలేదమ్మా," అన్నాడు డార్ల్. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఒకామె బావ పళ్లెంలో ఇంకో కేకు ముక్క పెట్టింది.

బావ ఆ ముక్క ముట్టలేదు. కోటు తీసుకుని బయటికి నడిచాడు. నేను వెళ్లేసరికి బండిలో కూర్చుని ఉన్నాడు, తాళం తిప్పకుండా.

"ఇంటికి పోదామా బావా?"

"మీ అక్కని రానీ. ఇంకా చెబుతున్నట్టుంది."

హాలు కిటికీలోంచి అక్క కనిపిస్తోంది. ఆలస్యంగా వచ్చిన వాళ్లెవరినో ఆపి, మళ్లీ మొదటినుంచీ చెబుతోంది.