దస్కతు నాది, పాట బిక్షమ్మది

నేను మనుషుల్ని అంత తేలిగ్గా నమ్మను. అప్పట్లో రామన్నపేటలో కాలితో తొక్కే అచ్చుయంత్రం పెట్టుకుని, పాటల పుస్తకాలు వేసి అంగడిలో అమ్ముకునేవాణ్ణి. పోలీసు చర్య జరిగి ఆరు నెలలు కాలేదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటా మిలిటరీ క్యాంపులే. అలాంటప్పుడు ఎవరిని నమ్మమంటారు?

నా పుస్తకాల్లో బాగా పోయేది బిక్షమ్మ వెట్టి పాట. చేలో కలుపు తీస్తూ కట్టింది. మా వైపు పాట కట్టినవాళ్లు చివరి చరణంలో తమ పేరు పెట్టుకుంటారు. పాట ఎవరిదో చెప్పడానికి అంతకుమించి సాక్ష్యం ఉండదు. కమ్యూనిస్టు దళానికి అన్నం పెట్టాడని ఆమె మొగుడు ఎల్లేశాన్ని జైల్లో వేశాక, భయపడి ఆ చరణం నేనే తీసేశాను. ఆమెకు చెప్పే తీశాను లెండి.

ఆ రోజు బిక్షమ్మ పుస్తకాల కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. పట్నం నుంచి ఒకాయన దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచి. మా పుస్తకం తెరిచి ఆ పాట మీద వేలు పెట్టాడు.

"గీ పాట కట్టింది ఎవరు?"

సీఐడీయే, అనుమానం లేదు.

"ఎవలో కట్టిండ్రు సార్. అందరు పాడుకుంటరు" అన్నాను.

"గట్లంటె నడ్వది. పేరు కావాలె" అంటూ సంచిలోంచి ఉర్దూలో రాసిన స్టాంపు కాయితం తీశాడు. నాకు ఉర్దూ మాటలు వచ్చు గాని అక్షరం రాదు. ఉర్దూ కాయితం ఇంటికొచ్చిందంటే సమనో, జప్తు హుకుమో అయ్యుండేది మాకు. "కట్టినోళ్లు దీనిమీద దస్కతు పెట్టాలె. ఇగ నుంచి గీ పాట మీరు అచ్చెయ్యొద్దు. నాదని ఎక్కడ అనొద్దు."

నా అనుమానం రూఢి అయిపోయింది. ఆయన బిక్షమ్మ వైపు తిరిగాడు.

"నీకేమన్న ఎరుకనా అమ్మా?"

"నాకేం ఎరుక లేదయ్యా" అందామె. మొగుడు జైల్లో ఉన్నాడు, ఆమె కూడా పోతే చంటిపిల్ల గతేమిటి? నాకు ఎక్కడ లేని తెగువ వచ్చింది.

"నేనే కట్టిన" అని సంతకం గీకేసి, బేడీలు వేసుకో అన్నట్టు చేతులు చాచాను.

ఆయన ఆ చేతుల్లో నోట్లు పెట్టాడు.

"శానా మంచి పాట. పట్నంల మాది పుస్తకాల దుకాణం. మీ పేరుతోనే అచ్చేస్తం. హక్కు మాత్రం ఇగ మాది."

"ఆగుండ్రి సార్! పాట ఈమెది" అని అరిచాను.

ఆయన నవ్వు ఆరిపోయింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడే గద ఎరుక లేదన్నది? పైసలు చూసి మాట మారుస్తున్రా?" అని కాయితం మడిచి సంచిలో పెట్టుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

ఆ నోట్లు బిక్షమ్మకు ఇవ్వబోయాను. ముట్టలేదు.

"రఘుపతన్నా, నా పేరు తీసేసినప్పుడు నా మంచికే అన్నవు. ఇప్పుడు నీ పేరు పెట్టినవు. గిది గూడ నా మంచికేనా?"

పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాను. నమ్మలేదు. ఆమె చోట నేనున్నా నమ్మేవాణ్ణి కాదు, అదే నా ఏడుపు. ఇప్పుడు నేను వాళ్ల చేను పక్కగా పోతుంటే చాలు, కలుపు తీసే ఆడవాళ్లంతా పాట ఆపేస్తారు. నేను కనుమరుగయ్యాకే మళ్లీ ఎత్తుకుంటారు.