ముట్టను కూడా ముట్టలేదు

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో అందరూ ఆయన్ని సీనియర్ అనే పిలిచేవారు. చేరి ఆరు నెలలు కూడా నిండలేదు. కానీ పదమూడేళ్ళు వేరే భాషలో ప్రోగ్రాములు రాసి వచ్చానని రోజుకు మూడుసార్లు చెప్పేవాడు గనక ఆ పేరు అతుక్కుపోయింది. ఇక్కడ రాసేది సి భాష. "భాష ఏదైతేనేం, బుర్ర మనదే కదా" అని మొదటి రోజే అనేశాడు. ఆ బుర్ర మీద ఆయనకున్నంత నమ్మకం ఇంట్లో భార్యకు కూడా లేదు.

శుక్రవారంతో ఆరు నెలలు పూర్తవుతాయి. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మేనేజరు సొరుగులో సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఈలోగా తన ముద్ర ఒకటి వెయ్యాలని సోమవారం ఆయన లిఫ్టు పాత ప్రోగ్రాము తెరిచాడు.

లిఫ్టు ఏ అంతస్తులో ఉందో కనిపెట్టి, ఆ నంబరును మెమరీలో ఒకచోట రాస్తూ ఉండటం సెన్సర్ పని. లిఫ్టును నడిపే ఫంక్షన్‌కి ఆ చోటు చిరునామా ఇస్తారు. దాన్నే పాయింటర్ అంటారు. ఆ పాయింటర్ ముందు కాన్‌స్ట్ అని రాసి ఉంది. అంటే ఇక మారదన్నమాట, అనుకున్నాడు సీనియర్. ఆయన పాత భాషలో అలాంటి ముద్ర పడ్డ నంబరు చచ్చినా మారదు. ఈ పాత ప్రోగ్రామేమో సెకనుకు వందసార్లు వెళ్ళి దాన్ని చూసొస్తోంది. మారనిదాన్ని మాటిమాటికీ చూడటమేమిటి, చాదస్తం కాకపోతే! ఒక్కసారే చదివి దాచుకునేలా మార్చేసి, లిఫ్టు వేగం పెంచానని అందరికీ మెయిల్ కొట్టాడు.

మంగళవారం ఆఫీసు వెనక టవర్‌లోని పరీక్షల లిఫ్టుకి పిచ్చెక్కింది. మూడో అంతస్తులో బయల్దేరితే ఎక్కడికి పోయినా మూడులోనే ఉన్నాననుకుంటోంది. ఐదు నొక్కితే ఐదు దాటి, చిట్టచివర భద్రతా స్విచ్ తగిలేదాకా పోయి ఆగుతోంది.

మేనేజరు ముందు సీనియర్‌నే అడిగాడు. ఆయన దర్జాగా స్క్రీన్ చూపించాడు.

"ఆ నంబర్ని నేను ముట్టను కూడా ముట్టలేదు సార్. ముడితే, ప్రోగ్రామును సరిచూసే కంపైలరే ఊరుకోదు. ఇదిగో, కాన్‌స్ట్ అని రాసుంది."

మేనేజరుకు సి రాదు గానీ, రాసి ఉన్నదంటే గౌరవం. ఇక మిగిలింది ఎలక్ట్రీషియన్. పాతికేళ్ళుగా సెన్సర్లు బిగిస్తున్న మనిషి. మంగళవారం ఒకటి మార్చాడు, బుధవారం ఇంకొకటి, గురువారం మూడోది. లిఫ్టు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు మూడులోనే ఉన్నానంటోంది. "రేపటికి తేలకపోతే వేరే మనిషిని చూసుకుంటాం" అన్నాడు మేనేజరు. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం సీనియర్ ఇంటికి తోడల్లుడు వచ్చాడు. టీలోకి బిస్కెట్లు లేవా అని అడిగాడు.

"డబ్బా సగానికి పైగా ఉంది. ఆదివారం చూశాను" అన్నాడు సీనియర్. ఆయనకు షుగరు. ఆ డబ్బాను చూడొచ్చు గానీ ముట్టకూడదని భార్య ఆజ్ఞ.

భార్య మూత తీసింది. అడుగున పొడి తప్ప ఏమీ లేదు.

"అదెలా? నేను ముట్టుకోలేదే!"

"మీరు ముట్టుకోకపోతే ఇంట్లో ఇంకెవరూ ముట్టరా? ముట్టొద్దన్నది మిమ్మల్ని. తరిగిపోవద్దని డబ్బాకి చెప్పానా? ఒక్కసారి మూత తీసి చూసుంటే మీ సొమ్మేం పోయేది?"

మూల కుర్చీలో అత్తగారు చిన్నగా దగ్గి, పత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

సీనియర్ ఆ ఖాళీ డబ్బాలోకి చూస్తూ ఆలోచనలో పడ్డాడు. బిస్కెట్ల గురించి కాదు.

శుక్రవారం అందరికంటే ముందొచ్చి తాను మార్చిన రెండు లైన్లనీ మళ్ళీ పాతట్టే పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదింటికి ఎలక్ట్రీషియన్ నాలుగో సెన్సర్ బిగించి ఐదు నొక్కాడు. లిఫ్టు బుద్ధిగా వెళ్ళి ఐదులో ఆగింది.

"చూశావా! ఇన్నాళ్ళూ సరిగ్గా బిగించలేదన్నమాట" అన్నాడు మేనేజరు.

"అంతే అయ్యుంటుంది సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్.

అందరికీ సుఖాంతమే. ఎలక్ట్రీషియన్ పని పోలేదు. మేనేజరు హుషారుగా ఇద్దర్నీ తన గదికి తీసుకెళ్ళి, సొరుగు లాగి, సీనియర్ కాగితం బల్ల మీద పెట్టి పెన్ను మూత తీశాడు. నోరు మూసుకుంటే చాలు. ముట్టకుండా ఉండటంలో సీనియర్‌కి మంచి అనుభవమే ఉంది. కానీ ఈసారి తల తిప్పి చూశాడు. ఎలక్ట్రీషియన్ తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. సీనియర్‌కి సిగ్గేసింది.

"తప్పు నాది సార్" అన్నాడు. "పాయింటర్‌కి పెట్టే స్టార్ గుర్తుకి ఎడమపక్క కాన్‌స్ట్ ఉంటే, డబ్బాని చూడొచ్చు, ముట్టకూడదు. కుడిపక్క ఉంటే, వేలు, అంటే పాయింటర్, ఆ డబ్బానే చూపించాలి, ఇంకో డబ్బా వైపు తిప్పకూడదు. రెండూ నాకు పెట్టిన కట్టుబాట్లే. లోపలి బిస్కెట్లు మారవని ఎవరూ మాటివ్వలేదు."

"ఏ బిస్కెట్లు?"

"అంతస్తు నంబరు సార్. సెన్సర్ సరిగ్గానే మారుస్తోంది. నేనే మళ్ళీ చూడలేదు. నాలుగు సెన్సర్లూ మంచివే."

మేనేజరు పెన్నుకు మూత పెట్టాడు. కాగితం మళ్ళీ సొరుగులోకి పోయింది. "ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నాడు.

బయట టవర్ దగ్గర సీనియర్ క్షమించమని అడిగాడు. ఎలక్ట్రీషియన్ పనిముట్ల సంచి సర్దుకున్నాడు.

"పాతికేళ్ళలో నా చేతుల మీద నాకు అనుమానం రావడం ఇదే మొదటిసారి సార్" అన్నాడు. "మూడు రోజుల్నుంచి ఇంట్లో బల్బు మార్చడానిక్కూడా భయమేసింది."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎలక్ట్రీషియన్ పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

"ముందు మీరెక్కండి" అన్నాడు. "సెన్సర్ నేను బిగించిందే."