కాగబెట్టని నీళ్ళు

"నీళ్ళు కాగినయా?"

రేణుకమ్మకు తెల్లవారేది ఈ మాటతోనే. గద్వాలలో ఒకరోజు కోడి కూయడం మరిచిపోవచ్చు గానీ ఆ ఇంట్లో ఈ మాట మాత్రం తప్పదు. ముందు వసారాలోంచి అత్త తిమ్మమ్మ. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు కాబట్టి "బిసినీరు అయినయా పిల్లా?" అంటుంది. ఆ వెనకే మగ్గం గుంట దగ్గర్నుంచి మొగుడు బాలస్వామి. ఇద్దరి స్నానాలయ్యాక పట్టు ఉడకబెట్టడానికి మళ్ళీ నీళ్ళు, గంజికి మళ్ళీ నీళ్ళు. గద్వాల చీర అంచు తళతళలాడాలంటే ముందు ఆ పట్టు సౌడుమన్ను కలిపిన నీళ్ళలో కుతకుత ఉడకాలి, ఉడికినంతసేపూ ఎవరో ఒకరు కర్రతో తిప్పుతూ ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. చీర చూసినవాళ్ళంతా "బాలస్వామి నేసిన చీర" అని మెచ్చుకునేవాళ్ళు. "రేణుకమ్మ ఉడకబెట్టిన చీర" అన్న మనిషి ఇంకా పుట్టలేదు.

సౌడుకీ సెగకీ ఆమె అరచేతులు ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలు బారాయి. వచ్చిన తంటా ఏమిటంటే, కండెలు చుట్టేటప్పుడు పట్టుపోగు ఆ నెర్రెలకు తగులుకుని పుటుక్కున తెగేది. అప్పుడు బాలస్వామి మగ్గం ఆపి, మెడ తిప్పి, "చేతులా అవి, ఆకురాయా?" అనేవాడు. ఎవరి పట్టు ఉడకబెడితే అలా అయ్యాయని ఆమె అడగాలనుకునేది. ఆ లోపు పొయ్యి మీద గంజి పొంగేది. ఆమె జీవితంలో చాలా జవాబులు అలా గంజి పొంగడం వల్లే ఆగిపోయాయి.

ఆ యేడు యుద్ధం మూలంగా నూలు దొరకక మగ్గం ఆగింది. మగ్గం ఆగితే నేతగాడికి పని ఉండదు, నడుము నొప్పి ఉన్నట్టు అప్పుడు తెలుస్తుంది. బాలస్వామికీ తెలిసింది. గుంటలో వంగి కూర్చున్న ఏళ్ళన్నీ ఒక్కసారి నడుములోకి వచ్చాయి. పొయ్యి మాత్రం ఆగలేదు. పొయ్యికి నూలుతో పనిలేదు కదా.

అట్లాంటప్పుడు బిజినేపల్లి నుంచి రేణుకమ్మ మేనమామ బుచ్చన్న దిగాడు. భుజాన చీరలమూటతో ఊళ్ళు తిరిగే మనిషి. వచ్చాడంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు బలి. ఒకసారి తిమ్మమ్మ వక్కాకు సంచిలో మిరపగింజలు కలిపి, ఆమె మొహం ఎర్రగా కందిపోతే, "వదినెకు పెండ్లినాటి కళ వచ్చిందిరో" అని వీధంతా చాటాడు.

"అల్లుడూ," అన్నాడు మూట దించుతూ, "గోదారి దిక్కు ఉడుకు బుగ్గ ఉన్నది. భూమిలకెల్లి నీళ్ళు కాగి కాగి పైకొస్తయి. హైదరాబాద్ దొరలు, దేశ్‌ముఖులు హవా మారాలని పెండ్లాం పిల్లలతోని పోయి ఆడనే డేరాలేస్తున్నరు. ఒక జాగీర్దారును డోలీల మోసుకపోతే, వచ్చేటప్పుడు ఆయననే డోలీ మోసుకొచ్చిండట!"

"అబద్ధాలు," అంది తిమ్మమ్మ.

"గుడ్డు పెడితే ఉడుకుతది వదినె. నిన్ను పెడితే మెత్తబడ్తవో గట్టిపడ్తవో చూద్దాం, రా."

తలుపు పక్కన నిలబడి వింటున్న రేణుకమ్మ, "పొయ్యి లేకుండనేనా మామా?" అంది.

"పొయ్యి లేదు, కట్టె లేదు, ఊదుగొట్టం లేదు బిడ్డా."

అందరూ వేరే మాటల్లో పడ్డారు గానీ ఆమె మనసు అక్కడే ఉండిపోయింది. తన కోసం ఇంకొకరు నీళ్ళు కాగబెట్టింది ఎప్పుడు? పెద్దమనిషైన రోజుల్లో అమ్మ పసుపు కలిపి వెచ్చవెచ్చగా పోసింది. మళ్ళీ బాలింతగా ఉన్నప్పుడు అమ్మే, వేపాకు వేసి మరగకాచి, వీపు మీద చెంబుతో ధారగా పోస్తుంటే ఎముకల్లోంచి నిద్ర వచ్చింది. అంతే. అమ్మ పోయింది. పుట్టిన కూతురు పెరిగి పెద్దదై అయిజకు కాపురానికి వెళ్ళింది, అక్కడ వాళ్ళకు కాగబెడుతూ ఉంటుంది. తను మాత్రం అందరి స్నానాలూ అయ్యాక, కాగు అడుగున మిగిలిన గోరువెచ్చని నీళ్ళలో చల్లనీళ్ళు కలుపుకుని గబగబా రెండు చెంబులు పోసుకునే మనిషి. భూమి తనంతట తను నీళ్ళు కాగబెట్టి పెడుతుందంటే ఆమెకు అది దేవుడి మహిమలా కాదు, అమ్మ పిలిచినట్టు అనిపించింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ నీళ్ళలో మెడదాకా కూర్చోవాలి.

"మరి ఆడ వంటెవరు చేస్తరు?" అన్నాడు బాలస్వామి.

"రేణుక వస్తది గదా," అంది తిమ్మమ్మ, పట్టేసిన మోకాళ్ళు రాసుకుంటూ.

"దాని చేతులు చూసినవా అల్లుడూ? దానికి గూడ బుగ్గ కావాలె," అన్నాడు బుచ్చన్న.

బాలస్వామి నవ్వాడు. "ఆడోళ్ళ చేతులు గట్లనే ఉంటయి మామా. నాదైతే నడుము!"

గద్వాలలో రైలెక్కి, సికింద్రాబాదులో మారి, ఆఖరికి ఎడ్లబండిలో అడవిదారి పట్టి చేరారు. బుచ్చన్న ఎప్పుడూ చెప్పనన్ని నిజాలు ఆసారి చెప్పాడని తేలింది. గుట్ట కింద రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు పొగలు కక్కుతూ వస్తున్నాయి. మగవాళ్ళకో గుండం, తాటాకు తడకలు కట్టి ఆడవాళ్ళకో గుండం. చుట్టూ డేరాలు, ఒక డేరాలో గ్రామఫోను, ఇంకోదాంట్లో పేకాట. శాలువా కప్పుకుని షికారు తిరిగేవాళ్ళు, నీళ్ళలో గంధకం ఉందని అందరికీ చెప్పే హకీం ఒకడు. రోగంతో వచ్చినవాళ్ళకంటే సరదాకు వచ్చినవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళు మెడదాకా మునిగి కళ్ళు మూసుకుని, గట్టున ఉన్న పెళ్ళాలను "చా అయిందా?" అని అడుగుతున్నారు. రేణుకమ్మకు అది మాత్రం పరాయి ఊరులా అనిపించలేదు.

మొదటి రోజే బాలస్వామి గుండంలోకి దిగబోయాడు. మగ్గం మనిషి కదా, భుజాలు బండల్లా ఉంటాయి, గుంటలో ముడుచుకున్న కాళ్ళు పుల్లల్లా ఉంటాయి. నీళ్ళలోంచి ఒక హైదరాబాదు ఆయన, "అరె భాయ్, పైన పహిల్వాన్, కింద కొంగనా?" అన్నాడు. గుండమంతా ఘొల్లుమంది. బాలస్వామి పంచె చుట్టుకుని నేరుగా తాము దిగిన గుట్ట మీది సత్రానికి వచ్చేశాడు.

"నేను అందరి ముంగట దిగ. నీళ్ళు ఈడికే తెచ్చి పొయ్యి," అన్నాడు.

"నాకు గూడ," అంది తిమ్మమ్మ. "ఎవరెవరు మునిగిండ్రో ఏమో. ఊటకాడనే ముంచుకొని రా."

రేణుకమ్మ కుండలు తీసుకుని దిగింది, నింపుకుని ఎక్కింది. గుట్ట చిన్నదేం కాదు. పైకి వచ్చేసరికి నీళ్ళ మీద ఆవిరి పోయింది. తిమ్మమ్మ వేలు ముంచి చూసింది.

"చల్లారినయి గదనే. జర కాగబెట్టు."

ఆమె మూడు రాళ్ళు పేర్చింది. కట్టెలు తెచ్చింది. పొయ్యి ముట్టించి, ఉడుకు బుగ్గ నీళ్ళను దాని మీద పెట్టి ఊదసాగింది. అటుగా వచ్చిన బుచ్చన్న నిలబడిపోయాడు.

"ఏం బిడ్డా, భూదేవి కాగబెట్టింది సాలలేదా?"

సత్రంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. రేణుకమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఊదింది. ఇంత దూరం రైలెక్కి వచ్చింది, ఇన్ని అడవులు దాటింది, పొయ్యి మాత్రం తనకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుందన్నమాట.

ఇక రోజూ అదే. దిగడం, ఎక్కడం, కాగబెట్టడం, వండడం, మళ్ళీ సాయంత్రం నీళ్ళు. కుండ ముంచేటప్పుడు మాత్రం చేతులు మణికట్టు దాకా ఆ వెచ్చని నీళ్ళలోకి పోయేవి. కుండ నిండిపోయాక కూడా ఆమె కాస్త ఆలస్యంగా తీసేది. అదే ఆమె షికారు.

ఆడవాళ్ళ గుండం మెట్టు మీద, మోకాళ్ళ దాకా కాళ్ళు నీళ్ళలో ఉంచి, ఒక ముసలమ్మ రోజూ కూర్చుని ఉండేది. ఉప్పునుంతల నుంచి వచ్చిన యాదమ్మ. ఒకరోజు ఆమే పలకరించింది.

"ఓ పిల్లా, రోజూ చూస్తున్న. కుండలు మునుగుతున్నయి గని నువ్వు మునుగుతలేవు."

"పనుంటది పెద్దమ్మా. నీకేం రోగం?"

"నాకేం రోగమే? రాయి లెక్కున్న."

"మరెందుకొచ్చినవ్?"

యాదమ్మ నీళ్ళలో కాళ్ళాడించింది. "బుద్దెరిగినకాడికెల్లి అందరికీ కాగబెట్టిన. ఈడైతే ఎవరో నాకోసం కాగబెట్టి, రావే తల్లీ అని పిలిచినట్టుంటది. గందుకే ఏటేటా వస్త."

"ఒక్కదానివేనా? ఎవ్వరినీ తోలుకొని రావా?"

"తోలుకొస్తే మళ్ళ వాళ్ళకు వండాలె గదనే!"

ఆ సాయంత్రం రేణుకమ్మ పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు మంటను చూసింది. తన బుర్ర ఇన్నాళ్ళూ ఎందుకు పనిచేయలేదని ఆశ్చర్యపోయింది. భూదేవి పెట్టిన వేడి గుట్ట ఎక్కేలోపే పోతోంది. వాళ్ళ ఒంటి మీద పడుతున్నదంతా తన పొయ్యి వేడే, తను ఊదిన ఊపిరి వేడే. అలాంటప్పుడు నీళ్ళు ఎక్కడివైతే ఏం? సత్రం వాకిట్లో బావి ఉంది. చేద ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు తలమీద బరువెందుకు?

మరునాడు ఖాళీ కుండలతో దిగింది. కుండలు గట్టున బోర్లించి, చీరతోనే గుండంలోకి అడుగు పెట్టింది. మోకాళ్ళు, నడుము, భుజాలు, మెడ. ముందు ఆమెకు నమ్మకం కుదరలేదు. అలవాటున నీళ్ళ అడుగుకు చూసింది, మంట ఎక్కడైనా తగ్గుతుందేమో, కట్టె ఎగదోయాలేమోనని. అడుగున రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఒక బుడగ పైకి వచ్చి పగిలింది, ఇంకోటి వచ్చింది. నీళ్ళు చల్లారడం లేదు. తను ఏమీ చేయకపోయినా చల్లారడం లేదు. ఎవరూ పిలవడం లేదు, పిలిచినా గుట్ట మీది పిలుపు ఇక్కడికి వినబడదు. వీపు మీద ఎవరో చెంబుతో ధారగా పోస్తున్నట్టుంది. ఆమె తల కూడా ముంచింది.

పక్కన యాదమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది, అంతే.

పైకి వచ్చి బావిలో నీళ్ళు చేదుకుంటుంటే బుచ్చన్న కంటపడింది. ఆయన బావిని చూశాడు, కుండలను చూశాడు, మేనకోడలి తడితలను చూశాడు. నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి మాట బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

"నెత్తి తడిసిందేందే?" అంది తిమ్మమ్మ, కోడలు వంగి నీళ్ళు పోస్తుంటే.

"కుండ తొణికింది అత్తా. గుట్ట ఎక్కాలె గదా."

తిమ్మమ్మ ముక్కు ఎగబీల్చింది. కోడలి జుట్టులోంచి గంధకం వాసన గుప్పుమంటోంది. "ఇయ్యాల మంచిగున్నయి నీళ్ళు! వాసన సూడు. ఇన్ని దినాలు నువ్వు ఊటకాడ ముంచనే లేదు."

ఆ రోజు నుంచి నీళ్ళ మహిమ పెరుగుతూ పోయింది. తిమ్మమ్మ మోకాళ్ళు మళ్ళీ మడత పడ్డాయి. బాలస్వామి నడుము నిటారుగా నిలిచింది. రేణుకమ్మ రోజూ మునిగింది, బావినీళ్ళు కాగబెట్టింది. తిరుగు రైల్లో కూర్చుని అరచేతులు తిప్పి చూసుకుంది. నెర్రెలు మూసుకున్నాయి. వేలితో రాస్తే ఎవరివో చేతుల్లా ఉన్నాయి.

గద్వాలకు వచ్చిన సాయంత్రం వసారా నిండా జనం. బాలస్వామి లేచి, వంగి, నేలను ముట్టుకుని చూపించాడు. తిమ్మమ్మ గొంతుక్కూర్చుని లేచి చూపించింది. బుచ్చన్న గోడకు ఆనుకుని, ఎందుకో మీసాల్లో నవ్వుతున్నాడు. రేణుకమ్మ ఓ పక్కన, ఇంట్లో మిగిలిన పట్టుతో కండెలు చుడుతోంది. పట్టుపోగు ఎక్కడా తగులుకోకుండా జారుతోంది.

"అదీ నీళ్ళంటే!" అన్నాడు బాలస్వామి. "మా ఇంటిది గూడ ఇన్నేండ్ల సంది రోజూ కాగబెడుతది. ఏమన్న ఫాయిదా ఉన్నదా? దీని నీళ్ళతోని ఒక్క నొప్పన్న పోయిందా?"

ఆ రోజు పొయ్యి మీద గంజి లేదు. పొంగడానికి ఏమీ లేదు.

"అవి బావినీళ్ళు," అంది రేణుకమ్మ.

"ఏవి?"

"నువ్వు పోసుకున్నవి. సత్రం వాకిట్ల బావి ఉండె గదా, ఆ నీళ్ళు. కాగబెట్టింది నేను."

బుచ్చన్న ఇక ఆపుకోలేకపోయాడు. కూర్చున్నవాడు పక్కకు ఒరిగి, గోడను కొడుతూ నవ్వాడు. బాలస్వామి మొహం ఎటు పెట్టాలో తెలియక నడుము పట్టుకున్నాడు. "మరి నా నడుము?"

"నువ్వు గుంటల దిగక ఎన్ని దినాలైంది? నడుముకు గదే మందు."

"నా మోకాళ్ళో?" అంది తిమ్మమ్మ, సన్నగా.

"ఈడ గూడ గట్లనే కాగబెట్టి పోస్త గదత్తా. ఈడెన్నడూ నీకు మహిమ కనబడలె."

పక్కింటి జోగమ్మ ఒక్కతే లేచి దగ్గరికి వచ్చింది. "మరి బుగ్గల మునిగిందెవరే?"

రేణుకమ్మ కండె పక్కన పెట్టి రెండు చేతులూ చాచింది. జోగమ్మ వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. ఆమెవీ సౌడుకు పగిలిన చేతులే. చాలాసేపు వదల్లేదు. "వచ్చే యేడు ఎప్పుడు పోతవే?" అంది మెల్లగా.

"చెప్త. వండుడు లేకుండ పోదాం."

మరునాడు తెల్లవారింది. రేణుకమ్మ లేచింది, వాకిలి ఊడ్చింది, రాట్నం ముందు కూర్చుని కండె మొదలుపెట్టింది. మగ్గం గుంట దగ్గర్నుంచి మామూలు గొంతు వినిపించింది. కొంచెం మెత్తబడి ఉంది గానీ మాట అదే.

"నీళ్ళు కాగినయా?"

"కట్టెలు పొయ్యికాడున్నయి," అంది ఆమె రాట్నం ఆపకుండా. "కాగబెట్టేటప్పుడు నాకు గూడ ఒక కుండ ఎక్కువ పెట్టు."

వసారాలోంచి తిమ్మమ్మ గొంతు, కోడలి మీదికి కాదు, కొడుకు మీదికి.

"నాకు గూడ పెట్టురా. నాకు మాత్రం ఎవరు కాగబెట్టిండ్రు ఆ కాలంల?"

ఏదో కుండ నేలకు తగిలిన చప్పుడైంది. ఊదుగొట్టం వెతుకుతున్నారు. అది ఎక్కడుందో రేణుకమ్మకు తెలుసు. చెప్పలేదు. పోగు జారుతూనే ఉంది, పొయ్యి దగ్గర ఎవరో దగ్గుతున్నారు.