డాక్టరు గారి బండికి పికప్ లేదు

నోరు తెరిచి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి ఎదురు మాట్లాడలేడు. పళ్ళ డాక్టరు వృత్తిలో ఉన్న సుఖమంతా అక్కడే ఉంది. మూడేళ్ళుగా ఆ సుఖాన్ని ఈ డాక్టరు ఒక కార్ల మేస్త్రి పరువు తీయడానికి వాడుకుంటున్నాడు.

"ఆ షెడ్డులో మాత్రం బండి ఇవ్వకండి," అంటాడట, ఒక చేత్తో దవడ పట్టుకుని. "నా బండికి ఇంజిన్ పని చేశాడు. అప్పటినుంచి పికప్ చచ్చింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సైకిళ్ళు దాటిపోతున్నాయి."

పేషెంటు "ఆ" అంటాడు. నొప్పికి అన్నాడో, ఒప్పుకుని అన్నాడో ఎవడు చూడొచ్చాడు. ఆ పేషెంటు బండి మాత్రం ఇక మేస్త్రి షెడ్డు వైపు రాదు.

ఈ సంగతి మేస్త్రికి సెలూన్ అతను చెప్పాడు, గొంతు మీద కత్తి ఆనించి. అక్కడా ఎదురు మాట్లాడే వీలు లేకపోయింది.

మేస్త్రి ఏడో తరగతి మధ్యలో పుస్తకాలు వదిలి స్పానర్ పట్టినవాడు. ముప్ఫై ఏళ్ళలో సంపాదించినవి రెండు. ఒకటి నడుం నొప్పి. రెండోది, 'ఆయన విప్పి కట్టిన ఇంజిన్ మళ్ళీ విప్పక్కర్లేదు' అన్న మాట. నడుం నొప్పిని ఎవరూ పట్టుకుపోరు. ఆ మాటని మాత్రం డాక్టరు రోజుకి పదిహేను పళ్ళతో పాటు పీకేస్తున్నాడు.

అన్యాయం ఏమిటంటే, మేస్త్రి చేసిన వాటిలోకెల్లా మంచి ఇంజిన్ అదే. దాని మీద పద్దెనిమిది రోజులు కూర్చున్నాడు. వాల్వులు చేత్తో అరగదీశాడు. నాలుగు పిస్టన్లూ ఒకే బరువు తూగేదాకా గీకాడు. ఆడపిల్లకి తల దువ్వినంత ఓపిగ్గా బిగించాడు.

డాక్టరు "పికప్ లేదు" అని ఈ మూడేళ్ళలో ఏడుసార్లు బండి పంపాడు. ఏడుసార్లూ మేస్త్రి నడిపి చూశాడు. నడిపే ముందు బండిలోని మ్యాట్లన్నీ తీసి తీగ మీద వేసేవాడు. కస్టమరు మ్యాట్ మీద గ్రీజు చెప్పు పడకూడదని అతని గురువు పెట్టిన నియమం. షెడ్డులో ఎవడు తప్పినా నెత్తిన మొట్టికాయ పడేది. సీటు మీద పాత పేపరు పరిచి, ఉత్త రేకు మీద కాళ్ళు పెట్టి, ఫ్లైఓవర్ ఎక్కించేవాడు. బండి వదిలిన బాణంలా ఎక్కేది. వెనక్కి తెచ్చి, తుడిచి, మ్యాట్లు దులిపి ఎక్కడివక్కడ వేసి పంపేవాడు. మర్నాడు ఫోను మోగేది.

"ఏం చేశావయ్యా? అలాగే ఏడుస్తోంది."

"ఒక్కసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడపండి డాక్టర్ గారూ," అని బతిమాలితే, షెడ్డుకి వచ్చినప్పుడు ఆయన మేస్త్రి గ్రీజు ప్యాంటు వైపు ఒకసారి, తన సీటు కవరు వైపు ఒకసారి చూసేవాడు. "పేషెంట్లు ఎదురుచూస్తున్నారు," అనేవాడు.

ఒక సోమవారం పొద్దున డాక్టరు బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఈ బావమరిదికి ఉద్యోగం లేదు గానీ అభిప్రాయాలున్నాయి. ఫోనులో కార్ల వీడియోలు చూసి చూసి, ఒక్క బోల్టు విప్పకుండానే సగం మెకానిక్ అయ్యాడు. మేస్త్రి ఆ పాటి సగం కూడా కాడని అతని గట్టి నమ్మకం.

"ఇక రిపేర్లు చాలు మేస్త్రీ," అన్నాడు డాక్టరు. "ఈ పదమూడు వందల సీసీ తీసి అవతల పారెయ్. రెండు వేల సీసీది పెట్టు."

"వద్దు బావా, బరువు," అన్నాడు బావమరిది. "ముక్కు బరువైతే మలుపులో బండి మాట వినదు. సూపర్‌చార్జర్ పెట్టిద్దాం. ఉన్న ఇంజిన్‌కే బిగిస్తారు. బెల్టు మీద తిరుగుతూ గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. తొక్కినప్పుడు ఈల కూడా వేస్తుంది."

"ఈల ఎందుకురా?"

"వినబడకపోతే పెట్టించామని నలుగురికీ ఎలా తెలుస్తుంది బావా?"

ఈల ఆయనకి నచ్చింది.

"నువ్వేమంటావు మేస్త్రీ?"

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "సూపర్‌చార్జర్ అంటే కడుపు నిండినవాడి నోట్లో ముద్ద కుక్కడం లాంటిదండీ. అరిగించుకునే కడుపుండాలి. ఈ పిస్టన్లు ఆ ఒత్తిడికి చేసినవి కావు, నెత్తిన చిల్లు పడుతుంది. అవీ మార్చి, గాలి చల్లబరిచే ఏర్పాటు చేసి, పెట్రోలు కొలత మార్చితే అప్పుడు నిలబడుతుంది. పెద్ద ఇంజిన్ అయితే పుట్టుకతోనే పుష్టిగల మనిషి, కుక్కే పని లేదు. కానీ ఆ మనిషి కూర్చోడానికి ఇల్లంతా మార్చాలి. గేర్ బాక్స్, ముందు స్ప్రింగులు, బ్రేకులు, కాగితాల్లో నంబరు. ఇంతకీ రోజూ మీరు వెళ్ళేది ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు."

"అందులో ఆరు స్పీడ్ బ్రేకర్లు."

"దూరం సంగతి నీకెందుకయ్యా? మా ఎదురు క్లినిక్‌లో కళ్ళ డాక్టరున్నాడు. రోజూ ఫ్లైఓవర్ మీద నన్ను దాటతాడు. ఊరికే దాటడు, అద్దం దించి చెయ్యి ఊపుతాడు." డాక్టరు గాలిలో చెయ్యి ఊపి చూపించాడు. "శనివారం లోపు ఏదో ఒకటి తేల్చు. లేదంటే తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు."

వాళ్ళు బండి వదిలి వెళ్ళాక మేస్త్రి బానెట్ ఎత్తి ఇంజిన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. సూపర్‌చార్జరేమో దానికి ఉరిశిక్ష, పెద్ద ఇంజినేమో ఊరి వెలి. నేరం మాత్రం ఏమీ లేదు. పైగా ఏది చేసినా చేతులారా చేయాల్సింది తనే. 'చూశారా, వాడు కట్టిన ఇంజిన్ని వాడే పీకేశాడు' అంటే ఊళ్ళో ఇక అడగడానికి ఏముంటుంది?

షెడ్డు ముందు భాగంలో అతని భార్య సీటు కవర్లు కుడుతుంది. మిషన్ ఆపకుండానే అడిగింది. "నువ్వు నడిపితే బండి పరుగెడుతుందా?"

"పరుగెడుతుంది."

"ఆయన నడిపితే?"

"పాకుతుందంట."

"అయితే తేడా బండిలో ఎందుకుంటుందయ్యా? బట్ట సరిగ్గా ఉండి చొక్కా పట్టలేదంటే మనిషిని కొలుస్తాం గానీ మిషన్ని విప్పుతామా?"

"మనిషిని కొలుద్దామంటే ఆయన సీటు నా ప్యాంటుకి భయపడుతోంది."

"తలంటుకుని, పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్ల చొక్కా వేసుకెళ్ళు. నీ చదువు కనబడకపోయినా ఇస్త్రీ కనబడుతుంది."

బండిని ఆ సాయంత్రమే వెనక్కి పంపేసి, శనివారం పొద్దున్నే మేస్త్రి తెల్ల చొక్కాతో డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరు ముందు పోల్చుకోలేక, పేషెంటనుకుని నవ్వాడు. పోల్చుకున్నాక నవ్వు ఆపేశాడు. కానీ కూర్చోవద్దనడానికి ఈసారి సాకు దొరకలేదు. బావమరిది వెనక సీటులో ఎక్కాడు.

బండి ఫ్లైఓవర్ మొదట్లోనే నీరసపడింది. మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంజిన్‌కి ఆయాసం లేదు. చేతనైన మనిషి, ఎవరూ పని చెప్పక, ఓ మూల కూర్చుని కూనిరాగం తీస్తున్నట్టుంది.

"ఇంకా తొక్కండి డాక్టర్ గారూ."

"పూర్తిగా తొక్కేశానయ్యా. ఇంకేం మిగిలింది తొక్కడానికి?"

పక్కనుంచి కళ్ళ డాక్టరు బండి వచ్చింది. అద్దం దిగింది. చెయ్యి ఊగింది.

ఫ్లైఓవర్ దిగాక మేస్త్రి బండి పక్కకి ఆపించి డ్రైవర్ సీటులోకి మారాడు. మూడేళ్ళలో మొదటిసారి, మ్యాట్లు తీయకుండా. కాలితో ఎక్సిలరేటర్ నొక్కాడు. మూడో వంతు దిగి, మెత్తటిదేదో తగిలి ఆగిపోయింది. వంగి చూశాడు. కంపెనీ రబ్బరు మ్యాట్ మీద ఇంకో మ్యాట్ ఉంది. దట్టంగా ఊలుతో అల్లింది, పసిపిల్లాణ్ణి పడుకోబెట్టేంత మందం. దాన్ని లాగి వెనక సీటులో పెట్టి మళ్ళీ నొక్కాడు. పెడలు రేకుదాకా దిగింది.

మేస్త్రి ఆ మ్యాట్‌ని గుర్తుపట్టాడు. ఏడుసార్లు తన చేత్తోనే తీశాడు, దులిపాడు, జాగ్రత్తగా మళ్ళీ పరిచాడు. గురువు మొట్టికాయలు గుర్తొచ్చాయి. బతికుంటే ఇప్పుడు ఎదురు మొట్టాలనిపించింది.

"ఇది ఎప్పటినుంచి ఉందండీ?"

"అదా? నువ్వు ఇంజిన్ పని చేసి పంపిన రోజే మా అత్తగారు ఇచ్చారు."

"మా అమ్మ ఆర్నెల్లు కూర్చుని అల్లింది," అన్నాడు బావమరిది. "అల్లుడి కాళ్ళకి చలి తగలకూడదని."

"అమ్మగారి ప్రేమని నేనేమీ అనను బాబూ. మూడో వంతు దగ్గర అడ్డం పడుతోంది, అంతే. ఇప్పుడు నడపండి డాక్టర్ గారూ."

డాక్టరు బండి తిప్పి మళ్ళీ ఫ్లైఓవర్ ఎక్కించాడు. ఈసారి సీటు ఆయన్ని వెనక్కి లాక్కుంది. మీసాల కింద చిన్నపిల్లాడొకడు బయటికొచ్చాడు. రెండు బస్సులు, ఒక లారీ వెనకబడ్డాయి. అవతలి చివర దిగేసరికి ఆ చిన్నపిల్లాడు పోయి, మళ్ళీ డాక్టరు వచ్చి కూర్చున్నాడు. ఆయనకి లెక్క తట్టింది. మూడేళ్ళలో ఎన్ని నోళ్ళకి చెప్పాడు? అవన్నీ ఇప్పుడు మూసుకుని ఉన్నాయి, అంటే మాట్లాడగలవు. నవ్వగలవు కూడా.

"అంటే, ఇంత చదువుకున్నవాణ్ణి, మూడేళ్ళు మ్యాట్ తొక్కుతూ కూర్చున్నాననా నీ ఉద్దేశం?"

"ఉద్దేశం కాదండీ. మ్యాట్."

"ఏదో ఒక్కసారి లాగింది. నమ్మకం ఏముంది?" అన్నాడు డాక్టరు, రోడ్డు వైపు చూస్తూ. "పెద్ద ఇంజినే పెట్టు."

"మా అమ్మ మ్యాట్‌కి వంక పెట్టడం కన్నా అదే మర్యాద బావా," అంటూ బావమరిది బండి ఆపించి, వెనక సీటులోంచి మ్యాట్‌ని ముందుకి తెచ్చి, రెండు అంచులూ సరిచేసి పరిచాడు. సూపర్‌చార్జర్ని అతను అక్కడే వదిలేశాడు. కుటుంబ గౌరవం ముందు ఈల ఎంత.

మేస్త్రి తెల్ల చొక్కా చేతులు పైకి మడిచాడు. "పెడతానండీ. నాకు కూలి వద్దు. పాత ఇంజిన్ నాకిచ్చేయండి."

"పనికిరానిదాన్ని ఏం చేసుకుంటావు?"

"పనికిరాని చేతులు కట్టిందే కదండీ. వాటికే సరిపోతుంది."

పెద్ద ఇంజిన్ని మేస్త్రి ఒక్క వంక లేకుండా బిగించాడు. పగ పని మీద చూపించేవాడు మేస్త్రి కాదు. పాతదాన్ని తీసుకెళ్ళి, భార్య సోఫా చట్రాలు, స్పాంజి తిప్పే డొక్కు వ్యానులో కూర్చోబెట్టాడు. ఆ వ్యానులో మ్యాట్ ఎప్పుడూ లేదు. నేల రేకే అక్కడక్కడా లేదు.

కొత్త ఇంజిన్ వచ్చిన శుభసందర్భంలో డాక్టరు అత్తగారు కొత్త మ్యాట్ అల్లిచ్చింది. పెద్ద ఇంజిన్‌కి తగ్గట్టు ఇంకాస్త మందంగా.

ఇరవై రోజులకి ఒక పొద్దున, ఫ్లైఓవర్ మధ్యలో డాక్టరు బండి బరువుగా ఎక్కుతోంది. వెనకనుంచి మేస్త్రి వ్యాను వచ్చింది. నెత్తిన మూడు సోఫా చట్రాలు కాళ్ళు పైకెత్తి ఉన్నాయి. పక్క సీటులో మేస్త్రి భార్య. వ్యాను మూడో గేరులోనే దాటేసింది. ఆమె చెయ్యి ఊపలేదు. ఎదురుగా రోడ్డు చూస్తూ కొంగు సర్దుకుంది, అంతే. డాక్టరుకి అది ఊపిన చెయ్యి కన్నా ఎక్కువ తగిలింది.

అరగంటలో ఆయన షెడ్డులో ఉన్నాడు. "ఆ వ్యానుకి సూపర్‌చార్జర్ పెట్టావా?"

"లేదండీ. మీరు పారేసిందే పెట్టాను."

"అది ఇలా లాగేదైతే నాకెందుకు చెప్పలేదు?"

మేస్త్రి ఆయన కాళ్ళ వైపు చూశాడు. "చెప్పాను డాక్టర్ గారూ. మీకూ మీ బావమరిదికీ. రోడ్డు పక్కన, తెల్ల చొక్కా వేసుకుని మరీ."

డాక్టరు గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నంనుంచే దవడలు పట్టుకుని కొత్త మాట మొదలుపెట్టాడు. సెలూన్ అతను మళ్ళీ గొంతు మీద కత్తి పెట్టి ఆ మాట మోసుకొచ్చాడు.

"నువ్వు దొంగవంట. నిక్షేపం లాంటి ఇంజిన్ని కాజేసి, డాక్టరు గారికి డొక్కుది అంటగట్టావంట. ఊరంతా చెబుతున్నాడు."

కత్తి గడ్డం దాటేదాకా మేస్త్రి కదల్లేదు. తర్వాత అద్దంలో తన మొహాన్ని చూసుకుని అడిగాడు. "నిక్షేపం అన్నాడా?"

"ఆ మాటే అన్నాడు. అలాంటి ఇంజిన్ ఊళ్ళో ఇంకొకటి లేదన్నాడు."

ఆ వారం షెడ్డు ముందు నాలుగు బళ్ళు నిలబడ్డాయి. అందులో ఒకటి కళ్ళ డాక్టరుది. బండి దిగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "నాకూ అలాంటి ఇంజిన్ పని చేసిపెట్టాలి మేస్త్రీ. కానీ పాత సామాన్లన్నీ నా కళ్ళ ముందే లెక్కపెట్టి తిరిగివ్వాలి, ఏమనుకోకు."

"ఏమీ అనుకోనండీ," అన్నాడు మేస్త్రి. చేతకానివాడన్న మూడేళ్ళూ ఒక్కడూ ఇటు తొంగిచూడలేదు. దొంగ అన్నాక వరస కట్టారు. అతను బండి తలుపు తీసి, వంగి మ్యాట్లన్నీ బయటికి లాగాడు. వాటిని తీగ మీద వేయలేదు. ఒక్కొక్కదాన్నే వేళ్ళ మధ్య పట్టి మందం చూశాడు.