పిన్ని వయసు గడి

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కుట్టుమిషను. పిన్ని దాని ముందు కూర్చుని టకటకా మొదలెట్టిందంటే ఇక వీధిలో ఎవరికీ నిద్ర ఉండదు. ఆవిడ నిజానికి ఆ ఇంటి అమ్మాయికి మాత్రమే పిన్ని, అమ్మకి చెల్లెలు. కానీ గుండీ ఊడిన ప్రతివాడూ పిన్నీ అంటూ వచ్చేవాడే కాబట్టి వీధి మొత్తానికీ పిన్నే అయిపోయింది.

అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. సర్వే ఆఫీసులో పని. ఇంటింటికీ తిరిగినవాళ్ళు తెచ్చిన ఫారాలు చూసి కంప్యూటర్ గడుల్లో అంకెలు కొడుతుంది. మధ్యాహ్నం డబ్బా మూత తీసి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్‌లో ఉచిత పాఠాలు వింటుంది. స్టాటిస్టిక్స్, ఆర్థిక పరిశోధన పద్ధతులు, ఇలాంటివన్నీ.

"అంకెలు కొట్టేదానివి, వాటి అర్థం నీకెందుకే?" అనేది పక్క సీటావిడ.

"ఎవర్ని కొడుతున్నానో తెలియొద్దా అక్కా?" అనేది అమ్మాయి.

పాపం, ఆ సోమవారం మాత్రం తెలియలేదు. ఫారంలో వయసు గడిలో తొంభై తొమ్మిది అని ఉంది. ఆ ఆఫీసులో దానర్థం "అడిగాం, చెప్పలేదు" అని. అలాంటప్పుడు "చెప్పలేదు" అనే వేరే గడిలో టిక్కు పెట్టాలి. అమ్మాయి పేరైనా చూడకుండా వయసు గడిలోనే కొట్టేసింది. ఆ ఫారం పిన్నిది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిన్నికి తొంభై తొమ్మిదేళ్ళు. తల ముగ్గుబుట్ట, నడుము విల్లు. ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. ఆఫీసు కాగితంలో ఎంతుంటే మనిషికి అంతే కదా అనుకున్నారు. పక్కింటాయన చేతికర్ర తెచ్చిచ్చాడు. డాక్టరు వచ్చి చూసి, "వయసుకి బాగానే ఉన్నారు. ఈ చలికాలం మాత్రం గట్టెక్కరు," అనేసి వెళ్ళిపోయాడు.

"సూది బెజ్జం కనిపించడం లేదే," అంది పిన్ని. అమ్మాయి గదిలోకి పోయి తలుపేసుకుని భోరుమంది. అన్నం కలిపి పెట్టిన చెయ్యి, పరీక్షలప్పుడు పక్కన కూర్చున్న మనిషి. తన చేతులతో తనే ముసల్దాన్ని చేసేసింది!

మర్నాడు సూపర్‌వైజర్ ముందు నిలబడింది.

"దానికంత ఏడుపెందుకమ్మా? ఇప్పుడు టిక్కు పెట్టినా వయసు గడి ఖాళీయే, ఖాళీలుంటే ఫైలు పైకి పోదు. అందరి వయసుల సగటు వేసెయ్. ముప్ఫై ఒకటి. వాచీలు బాగుచేసే ఆయనకీ అదే వేశాం," అన్నాడాయన. "ఏం చేసినా శుక్రవారం ఐదింటి లోపే. తర్వాత ఫైలుకి తాళం. ఇక దేవుడు దిగొచ్చినా మారదు."

వాచీలాయన సంగతి అమ్మాయికి తెలుసు. అరవై దాటిన మనిషి ఒక్క పూటలో ముప్ఫై ఒకటికి దిగి, కొడుకు కంటే నాలుగేళ్ళు చిన్నవాడైపోయాడు. నవ్వొచ్చే మాటే. కానీ తనకి ముప్ఫై ఒకటి దాటాక పుట్టిన చిన్న కూతురు కాఫీ తెచ్చిస్తే, "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అని అడుగుతున్నాడు. పిన్నికి ముప్ఫై ఒకటి వేస్తే రేపు తననీ అలాగే అడుగుతుంది.

పోనీ ఫైల్లోంచి పిన్ని వరస మొత్తం తీసేస్తే? పాఠాల కింద చర్చల పేజీలో ఆ ప్రశ్న పెట్టింది. ఎవరో నర్సట, మధ్యాహ్నానికల్లా జవాబిచ్చింది. "తీసెయ్యకండి. మా మామయ్యది తీసేశారు. ఆయన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది."

గురువారం భోజనాల వేళ పన్నెండో పాఠం తెరిచింది. ఖాళీ గడుల గురించి. పాఠం చెప్పే మేష్టారు దగ్గి గొంతు సవరించుకుని అన్నాడు, "కొన్ని ఖాళీలు పొరపాటున వస్తాయి. కొన్ని మాత్రం ఆ గడిలో ఉండాల్సిన సంగతి వల్లే ఖాళీ అవుతాయి. వయసు దాచేవాళ్ళు వయసు వల్లే దాస్తారు. సగటు వేసి కప్పెట్టకండి. వెళ్ళి మళ్ళీ అడగండి."

అమ్మాయి డబ్బా సగంలో మూసేసి, సవరణ ఫారం తీసుకుని ఇంటికి పరుగెత్తింది.

"పిన్నీ, నీ వయసెంత?"

"తొంభై తొమ్మిదని నువ్వే కొట్టావటగా," అంది పిన్ని బోసినోటితో నవ్వుతూ.

"అసలుది చెప్పవే, నీకు దణ్ణం పెడతాను. స్కూలు కాగితంలో ఉన్న యాభై రెండు వేసెయ్యనా?"

పిన్ని నవ్వు ఆగిపోయింది. మిషను చక్రం అటూ ఇటూ తిప్పింది.

"చిన్నప్పుడు జబ్బు చేసి రెండేళ్ళు మంచం మీదే ఉన్నాను. లేచేసరికి మీ అమ్మ నాకంటే పై తరగతిలో ఉంది. చెల్లెలు పైన, అక్క కింద అంటే పిల్లలు నవ్వుతారని మా నాన్న స్కూల్లో నా వయసు నాలుగేళ్ళు తగ్గించి రాయించాడు. ఇంటికొచ్చేసరికి పళ్ళు మళ్ళీ పాలపళ్ళయ్యాయి, గౌను మోకాళ్ళ కిందకి జారింది. ఆ రోజునించీ నేనే చెల్లెల్ని. మీ అమ్మ చిన్నది, మర్చిపోయింది. నేను మర్చిపోలేదు."

"మరి సర్వే ఆయనకి చెప్పొచ్చుగా?"

"యాభై రెండంటే మళ్ళీ అబద్ధం. యాభై ఆరంటే మీ అమ్మ అక్కరికం పోతుంది. ఇన్నేళ్ళూ నా జడ వేసింది, నా బదులు దెబ్బలు తింది. ఆ ఒక్క పిలుపూ ఎలా లాక్కోనే?"

గుమ్మంలో చప్పుడైంది. అమ్మ, తడి చేతులతో. ఎంతసేపటినించి నిలబడిందో. వచ్చి, పెన్ను మూత తీసి పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని ఐదు రాసి, పక్కన ఆరు రాసి, కింద సంతకం చేసింది.

శుక్రవారం ఆఫీసులో సవరణల వంతు సాయంత్రానికి గానీ రాలేదు. ఐదింటికి పది నిమిషాలుందనగా అమ్మాయి ఆ గడి తెరిచింది. పేరు మూడుసార్లు చదివింది. అంకెలు నాలుగుసార్లు. కొట్టింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

చాలాసేపు మోగాక అమ్మ ఎత్తింది. వెనక మిషను టకటకా వినిపిస్తోంది.

"అమ్మా, పిన్ని ఎలా ఉంది?"

"ఏ పిన్నే?" అంది అమ్మ. "నీకు పిన్నెక్కడుంది? ఉండు, అక్కకిస్తాను. పెద్దమ్మతో మాట్లాడు."